రెక్కను ప్రింట్ చేయించాలా, రెక్క అచ్చునా? విశాఖలో గాలిమర భాగాలు చేయించేవాళ్లకు

విశాఖలో 3డీ ప్రింటర్ పెట్టుకున్న షాపులకు తరచూ వచ్చే బేరం ఒకటుంది. ఇంజినీరింగ్ ఆఖరి సంవత్సరం కుర్రాళ్లో, భీమిలి రోడ్డులో రిసార్టు మీద చిన్న గాలిమర పెట్టాలనుకునేవాళ్లో, మేడ మీద సోలార్ ప్యానెళ్లకు తోడు ఇంకోటేదైనా ఉంటే బాగుండుననుకునేవాళ్లో వచ్చి "మీటరు పొడవు రెక్కలు మూడు కావాలండీ, ప్రింట్ చేసిస్తారా, ఎంతవుతుంది?" అని అడుగుతారు. ఫైలు పెన్‌డ్రైవ్‌లో సిద్ధంగా ఉంటుంది. ధర సంగతి తర్వాత. అసలు రెక్కనే ప్రింట్ చేయించాలా, రెక్కను తీసే అచ్చును ప్రింట్ చేయించాలా అన్నది ముందు తేల్చుకోవాలి. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం దాని గురించే. హబ్బు (రెక్కలు బిగించే మధ్యభాగం), బ్రాకెట్లు, టవరు లాంటివాటి సంగతి ఆ తర్వాత చెబుతాను. వాటిలో కొన్నింటికి ప్రింటింగే మంచి దారి, కొన్నింటికి ఆటోనగర్‌లో లేత్ దగ్గరికి వెళ్లడమే మేలు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. తిరిగే భాగాన్ని గానీ, బరువు మోసే భాగాన్ని గానీ ప్లాస్టిక్‌లో ప్రింట్ చేసి నేరుగా బిగించకండి. దాన్ని తయారుచేయడానికి కావలసిన అచ్చునో, పోతపనికి ప్యాటర్న్‌నో (ఇసుకలో ముద్ర వేసే నమూనా), డ్రిల్లింగ్ జిగ్‌నో (రంధ్రాలు సరైనచోట పడేలా చూసే చట్రం) ప్రింట్ చేయించండి. ఎండకూ వానకూ ఉప్పుగాలికీ తట్టుకుంటే చాలు, పెద్దగా బలం అక్కర్లేదు అనుకునే భాగాలైతే నిశ్చింతగా ప్రింట్ చేసుకోవచ్చు.

పెద్ద సంస్థలు ఏం ప్రింట్ చేశాయి

ఇది డబ్బుల్లేని చిన్నవాళ్లకు చెప్పే సర్దుబాటు అనుకోకండి. అమెరికాలో ఓక్ రిడ్జ్, శాండియా జాతీయ ప్రయోగశాలలు, రెక్కలు తయారుచేసే టీపీఐ కాంపోజిట్స్ కలిసి 2016 ప్రాంతంలో 13 మీటర్ల రెక్క మీద పనిచేశాయి. మామూలు పద్ధతిలో ముందు రెక్క ఆకారంలోనే ఒక నమూనా చెక్కించాలి. దాన్ని ప్లగ్ అంటారు. ప్లగ్ మీద ఫైబర్ పరిచి అచ్చు తీయాలి, ఆ అచ్చులో రెక్కలు తయారుచేయాలి. వీళ్లు ప్లగ్ అనే మెట్టునే ఎత్తేశారు. కార్బన్ ఫైబర్ తునకలు కలిపిన ఏబీఎస్ ప్లాస్టిక్‌తో అచ్చునే ముక్కలు ముక్కలుగా ప్రింట్ చేసి కలిపారు. రెజిన్ (ఫైబర్‌ను పట్టి ఉంచే జిగురు) గట్టిపడాలంటే అచ్చు వేడెక్కాలి. అందుకని మామూలుగా అచ్చులో హీటింగ్ తీగలు చేత్తో పరుస్తారు. వీళ్ల అచ్చులో వేడిగాలి పోయే గొట్టపు దారులు ప్రింటింగ్‌లోనే వచ్చేశాయి. అందులోంచి వచ్చిన రెక్క మాత్రం ఎప్పటిలాగే గ్లాస్ ఫైబర్, రెజిన్‌తో చేసిందే.

2021లో జీఈ సంస్థ జర్మనీకి చెందిన పరిశోధన సంస్థ ఫ్రాన్‌హోఫర్, ప్రింటర్లు చేసే వాక్సెల్‌జెట్‌లతో కలిసి ఇంకో పని మొదలుపెట్టింది. సముద్రంలో నిలబెట్టే హాలియేడ్-ఎక్స్ గాలిమర రోటర్ (రెక్కలతో సహా తిరిగే చక్రం) వ్యాసం 220 మీటర్లు. దాని పోతభాగాల్లో కొన్ని 60 టన్నులకు పైగా తూగుతాయి. వాటికి కావలసిన ఇసుక అచ్చులను ప్రింట్ చేసే యంత్రం కోసం వాళ్లు చేతులు కలిపారు. అచ్చు తయారీకి పది వారాలు, ఆపైన పట్టేది రెండు వారాలకు దిగాలన్నది లక్ష్యం. అక్కడ కూడా ప్రింటయ్యేది ఇసుకే, హబ్బులోకి వెళ్లేది కరిగించి పోసిన ఇనుమే.

ఈ రెండుచోట్లా ఆలోచన ఒకటే. ఆకారం వంకర్లు తిరిగి ఉండి, ఒకటో రెండో మాత్రమే కావలసినచోట ప్రింటింగ్ బాగా కలిసివస్తుంది. అచ్చు సరిగ్గా అలాంటిది. రెక్క అలా కాదు. ఏళ్ల తరబడి ఊగుతూ, వంగుతూ బతకాలి. దానికి బలం ఇచ్చేది మొదలు నుంచి కొసదాకా తెగకుండా సాగే ఫైబర్ దారాలు. మామూలు ప్రింటర్ నాజిల్లోంచి అవి రావు. పొడవాటి దారాన్ని పరిచే ప్రింటర్లు ఉన్నాయి గానీ వాటి బెడ్ (ప్రింట్ నిలిచే బల్ల) చిన్నది, ఖర్చు చాలా ఎక్కువ.

మీటరు రెక్క మీద ఎంత బలం పడుతుంది

లెక్క చూస్తే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. రోటర్ వ్యాసం 2 మీటర్లు అనుకుందాం. గాలి సెకనుకు 10 మీటర్లు వీస్తున్నప్పుడు మంచి డిజైన్ ఉన్న రెక్క కొస దానికి ఆరు రెట్ల వేగంతో, అంటే సెకనుకు 60 మీటర్లతో పోతుంది. నిమిషానికి దాదాపు 570 చుట్లు. రెక్క బరువు ఒక కిలో, దాని గరిమనాభి ఇరుసు మధ్య నుంచి 40 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకుంటే, రెక్కను బయటికి లాగే బలం దాదాపు 145 కిలోల బరువు వేలాడదీసినంత. ఇద్దరు పెద్దమనుషులు రెక్కను పట్టుకుని వేలాడుతున్నట్టే లెక్క.

అది మామూలు రోజు సంగతి. బ్యాటరీ నిండిపోయో, వైరు ఊడిపోయో జనరేటర్ మీద లోడు పోయిందంటే రోటర్‌ను పట్టి ఉంచేది ఏదీ ఉండదు. వేగం రెట్టింపైతే ఈ బలం నాలుగు రెట్లవుతుంది. పైగా రోజంతా 570 చుట్ల వేగంతోనే తిరిగితే ఎనిమిది లక్షల పైచిలుకు చుట్లు పడతాయి. ప్రతి చుట్టులోనూ రెక్క తన సొంత బరువుకే ఒకసారి ఇటు, ఒకసారి అటు వంగుతుంది. మొదటిరోజు తట్టుకున్న రెక్క మూడో నెలలో విరగడానికి కారణం ఇదే.

ఇక విశాఖ అనగానే తుపాను లెక్క వేసుకోవాల్సిందే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ తీరాన్ని దాటినప్పుడు గాలి గంటకు 185 కిలోమీటర్ల దాకా వెళ్లింది. సెకనుకు 51 మీటర్లు. గాలి తోపుడు వేగం వర్గానికి తగ్గట్టు పెరుగుతుంది కాబట్టి, 10 మీటర్ల గాలి కంటే అది 26 రెట్లు. ఆగి ఉన్న మీటరు రెక్క మీద కూడా 20 కిలోలకు పైగా తోపుడు పడుతుంది. అందుకే చిన్న గాలిమరకు నేను ఎప్పుడూ చెప్పేది, స్తంభాన్ని అడుగున మడతబందు మీద నిలబెట్టి, హెచ్చరిక రాగానే ఇద్దరు మనుషులు తాళ్లతో కిందికి దించగలిగేలా కట్టించమని. ఎంత గట్టి రెక్క చేయించినా ఈ ఏర్పాటు ఉండాలి.

సందర్భం వచ్చింది కాబట్టి ఇంకో మాట. గాలి వేగం సగానికి పడితే కరెంటు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. ఈ 2 మీటర్ల మర 10 మీటర్ల గాలిలో 500 వాట్ల చుట్టుపక్కల ఇస్తే, 5 మీటర్ల గాలిలో 60, 70 వాట్లే. చుట్టూ అపార్ట్‌మెంట్లున్న ఎంవీపీ కాలనీ మేడ మీద గాలి సుడులు తిరుగుతుంది, అంత కూడా రాదు. కరెంటు బిల్లు తగ్గించడమే మీ ఉద్దేశమైతే ఆ డబ్బుతో ఇంకో సోలార్ ప్యానెల్ కొనండి. ప్రాజెక్టు కోసమో, సముద్రానికి ఎదురుగా ఖాళీ స్థలం ఉండో, రాత్రిపూట కూడా కాస్త కరెంటు కావాలనో అయితే ముందుకు చదవండి.

నిలువుగా ప్రింట్ చేస్తే నునుపు, పడుకోబెట్టి చేస్తే బలం

3డీ ప్రింటర్ పొర మీద పొర వేస్తూ పోతుంది. పొర లోపల ప్లాస్టిక్ గట్టిగానే ఉంటుంది. ఒక పొరకూ పై పొరకూ మధ్య అతుకు మాత్రం బలహీనం. ఆ దిశలో లాగితే బలం సగానికి సగం తగ్గడం మామూలే.

రెక్కను బెడ్ మీద నిలబెట్టి ప్రింట్ చేస్తే ప్రతి పొరా రెక్క అడ్డుకోతలా వస్తుంది. నాకా 4412 లాంటి ప్రొఫైల్ (రెక్క అడ్డుకోతకు వాడే ప్రామాణిక ఆకారం) వంపు అచ్చు గుద్దినట్టు దిగుతుంది. ముందంచు గుండ్రంగా, వెనకంచు సన్నగా, చూడటానికి ముచ్చటగా ఉంటుంది. అందుకే అందరూ అలాగే ప్రింట్ చేస్తారు. కానీ పైన చెప్పిన 145 కిలోల లాగుడు సరిగ్గా పొరలను విడదీసే దిశలోనే పనిచేస్తుంది. విరిగిన రెక్కను చేతిలోకి తీసుకుని చూడండి, మొదలు దగ్గర కత్తితో కోసినట్టు ఒకే పొర వెంట నీటుగా తెగి ఉంటుంది.

పడుకోబెట్టి ప్రింట్ చేస్తే పొరలు పొడవునా సాగుతాయి, బలం పెరుగుతుంది. అయితే ముందంచు దగ్గర మెట్లు మెట్లుగా వస్తుంది, కింది వైపు సపోర్టులు పీకిన చోటల్లా గరుకు మిగులుతుంది. అదంతా సాన పట్టేసరికి ప్రొఫైల్ మారిపోతుంది. ఇంకో చిక్కు, మామూలు ప్రింటర్ల బెడ్ 220 నుంచి 256 మిల్లీమీటర్లు. మీటరు రెక్కను నాలుగైదు ముక్కలు చేసి అతికించక తప్పదు. ప్రతి అతుకూ ఒక బలహీనమైన చోటే.

ఇప్పుడు ఇదే ఆకారాన్ని అచ్చుగా ఆలోచించండి. అచ్చు మీద లాగుడు లేదు, తిరగడం లేదు. కాబట్టి నిలబెట్టి ప్రింట్ చేయొచ్చు, ప్రొఫైల్ కచ్చితంగా వస్తుంది. ఐదు ముక్కలుగా ప్రింట్ చేసి అతికించినా ఫర్వాలేదు, అతుకు మీద పుట్టీ పూసి సాన పడితే సరిపోతుంది. రెక్కకు చేటు చేసే పద్ధతులన్నీ అచ్చు దగ్గరికొచ్చేసరికి మనకు కలిసివస్తాయి. అతి చవకైన పీఎల్ఏ ప్లాస్టిక్ కూడా ఇక్కడ చక్కగా పనికొస్తుంది.

అచ్చు చేయించడంలో మూడు దారులు

మొదటిది, లోతట్టు అచ్చును, అంటే రెక్క కూర్చునే గుంటను, రెండు సగాలుగా నేరుగా ప్రింట్ చేయడం. 4 మిల్లీమీటర్ల మందం గోడ పెట్టి, వెనక ప్లైవుడ్ పక్కటెముకలు బిగిస్తే వంకర పోదు. ఒక సెట్టు, రెండు సెట్ల రెక్కలు చాలనుకునేవాళ్లకు ఇది బాగుంటుంది. దీనిలో కష్టం, గుంట లోపల సాన పట్టడం. వేలు దూరని చోట నునుపు రాదు.

రెండోది, రెక్క ఆకారాన్నే ప్లగ్‌గా ప్రింట్ చేసి, దాని మీద ఫైబర్‌తో అచ్చు తీయడం. ఒక మెట్టు ఎక్కువ, ఫైబర్ ఖర్చు ఎక్కువ. కానీ ఉబ్బెత్తు ఉపరితలం మీద సాన పట్టడం హాయి, అచ్చు గట్టిగా వస్తుంది, చాలా రెక్కలు తీయొచ్చు. పది రెక్కలు దాటతాయనుకుంటే నేను ఈ దారినే ఎంచుకుంటాను.

మూడో దారిలో ప్రింటర్ పనే లేదు. తలుపుల మీద డిజైన్లు చెక్కే సీఎన్‌సీ రౌటర్ షాపులు నగరంలో చాలా ఉన్నాయి. ఎనిమిది అడుగుల బెడ్ ఉంటుంది. ఎండీఎఫ్ చెక్కలో రెక్క రెండు సగాలనూ ఒకే బిగింపులో చెక్కేస్తారు, అతుకులే ఉండవు. రెక్క మీటరున్నర దాటితే ప్రింటింగ్ కంటే ఇదే తొందరగా, చవకగా అవుతుంది. ప్రింటింగ్ మీద ఇష్టంతో ఈ దారిని కొట్టిపారేయకండి. ఒక్కటే జాగ్రత్త, ఎండీఎఫ్ మన తేమకు ఉబ్బుతుంది. చెక్కిన రోజే రెండు పూతలు ఎపాక్సీ సీలర్ వేయించాలి.

ఏ దారిలో వెళ్లినా ఫైబర్ పరిచే పని తెలిసినవాళ్లు కావాలి. ఆ విషయంలో విశాఖకు కొదవ లేదు. ఫిషింగ్ హార్బర్ చుట్టుపక్కల ఫైబర్ బోట్ల పని చేసేవాళ్లకు గ్లాస్ మ్యాట్ (గ్లాస్ ఫైబర్ పరుపు), రోవింగ్ (పొడవాటి ఫైబర్ దారాల పట్టీ), జెల్‌కోట్ (అచ్చులో మొదట వేసే పూత) కొట్టినపిండి. ఎయిర్‌ఫాయిల్ (రెక్క అడ్డుకోత వంపు) అంటే వాళ్లకు తెలియకపోవచ్చు, కానీ మీరు అచ్చు ఇస్తే అందులో బుడగ లేకుండా ఫైబర్ కూర్చోబెట్టడంలో వాళ్లను మించినవాళ్లు లేరు. జెల్‌కోట్ ఎంతసేపు ఆరాలని అక్కడొక పెద్దాయనను అడిగితే చెప్పిన మాట ఇది: "గడియారం చూడకు బాబూ. వేలు పెట్టి చూడాల. అంటుకున్నట్టుండాల గానీ వేలికి రంగు రాకూడదు. అప్పుడు మ్యాట్ వెయ్యి. తొందరపడి ముందేసేస్తే ముడతలొచ్చేస్తాది." కారణం కూడా ఉంది. సరిగ్గా గట్టిపడని జెల్‌కోట్‌లోకి పై రెజిన్‌లోని స్టైరీన్ అనే ద్రావకం దిగి దాన్ని ఉబ్బిస్తుంది.

ఆ స్టైరీనే ప్రింట్ చేసిన అచ్చునూ తినేస్తుంది. ఏబీఎస్‌తో ప్రింట్ చేసిన అచ్చులో పాలిస్టర్ రెజిన్ నేరుగా పోస్తే ఉపరితలం మెత్తబడి రెక్కకు అతుక్కుపోతుంది. పీఎల్ఏ కొంత నయం, కానీ అది 60 డిగ్రీల దగ్గరే మెత్తబడటం మొదలవుతుంది, రెజిన్ గట్టిపడేటప్పుడు పుట్టే వేడికి వంగొచ్చు. కాబట్టి ప్రింట్ మీద ముందు పుట్టీ, సాన, ఆపైన ఎపాక్సీ ప్రైమర్, అది పూర్తిగా ఆరాక మైనం నాలుగైదు పూతలు, చివరన రెక్క అతుక్కోకుండా ఊడివచ్చేందుకు పీవీఏ పూత. ఫైబర్‌ను ఒక్కసారే మందంగా వేయకుండా రెండు మూడు విడతల్లో వేయించండి, వేడి అదుపులో ఉంటుంది. చేతిలో డబ్బులుంటే పాలిస్టర్ బదులు ఎపాక్సీ రెజిన్ వాడండి. అందులో స్టైరీన్ లేదు, రెక్క బలం కూడా పెరుగుతుంది.

మొదటిసారి ఈ పని చేసే కుర్రాళ్లకు గట్టిగా చెప్పాల్సింది ఒకటుంది. పాలిస్టర్ రెజిన్‌కు వాడే కోబాల్టునూ (గట్టిపడటాన్ని వేగం చేసే ద్రవం), హార్డెనర్‌నూ ఎప్పుడూ నేరుగా ఒకదాంట్లో ఒకటి కలపొద్దు. మంట లేచి పేలుతుంది. కోబాల్టు ముందు రెజిన్‌లో బాగా కలిశాకే హార్డెనర్ వేయాలి. కళ్లద్దాలు, చేతి తొడుగులు లేకుండా ఆ డబ్బాల జోలికి వెళ్లనివ్వకండి.

రెక్క లోపల పొడవునా సాగే రోవింగ్ పట్టీని మొదలు నుంచి కొస దాకా తెగకుండా వేయించండి. బోల్టులు పడే మొదలు దగ్గర పొరలు రెట్టింపు చేయించండి. మ్యాట్ ఒక్కటే వేసి సరిపెట్టేస్తే ఆకారం వస్తుంది, బలం రాదు.

నేరుగా ప్రింట్ చేసుకోదగ్గవి

గాలి వేగం కొలిచే అనిమోమీటరు బ్రాకెట్, సెన్సర్ మూతలు, కేబుల్ క్లిప్పులు, కంట్రోలర్ పెట్టె, హబ్బు ముందుండే శంఖాకారపు టోపీ, రెక్క కోణం కొలిచే జిగ్, బోల్టు రంధ్రాల టెంప్లేటు, ఇవన్నీ ప్రింట్ చేసుకోవచ్చు. పెద్ద గాలిమరల కంపెనీల్లో వెస్టాస్ కూడా ప్రింటర్లను ఎక్కువగా ఇలాంటి కొలత పరికరాలకూ, పనిముట్లకూ వాడుతోంది. రెక్కల రిపేరు పనికి వెళ్లే టెక్నీషియన్లకైతే ముందంచు ప్రొఫైల్ గేజీలు చాలా ఉపయోగం. అరిగిపోయిన అంచుకు పుట్టీ పెట్టి సాన పట్టాక వంపు సరిగ్గా వచ్చిందో లేదో గేజి ఆనించి చూడొచ్చు. 1990లలో రామగిరి కొండల మీద పెట్టిన లాంటి పాత మరలకు విడిభాగాలు దొరకనప్పుడు, మూతలూ బ్రాకెట్లూ స్కాన్ చేసి ప్రింట్ చేసుకోవడమూ మంచి ఆలోచనే.

ఏ ప్లాస్టిక్ అన్నది ఇక్కడ ముఖ్యం. పీఎల్ఏ బయట పెట్టొద్దు, మే నెల ఎండలో మేడ మీద ముదురు రంగు భాగం చేయి పెట్టలేనంత కాలుతుంది, అది సాగిపోతుంది. పీఈటీజీ 80 డిగ్రీల దాకా నిలుస్తుంది, నీడలో ఉండే భాగాలకు చాలు. ఎండలో ఉండేవాటికి తెల్లటి ఏఎస్ఏ తీసుకోండి. అతినీలలోహిత కిరణాలకు తట్టుకునేలా చేసిన ప్లాస్టిక్ అది. కాకపోతే ప్రింటర్‌కు చుట్టూ మూత ఉండాలి, లేకపోతే మూలలు లేచిపోతాయి. కార్బన్ కలిపిన నైలాన్ గట్టిది, ఖరీదైనది, కానీ మన ఊరి గాలిలో తేమను స్పాంజిలా పీల్చుకుంటుంది. రీలును 70, 80 డిగ్రీల్లో గంటల తరబడి ఆరబెట్టి, డ్రై బాక్సులోంచే ప్రింట్ చేయాలి. లేకపోతే నాజిల్ దగ్గర చిటపటలాడుతూ బుడగలతో వస్తుంది. కరెంటు బ్రష్షుల హోల్డరు లాంటి నిప్పురవ్వలు పడే భాగానికి మంటను ఆపే గ్రేడు ప్లాస్టిక్ తప్ప ఇంకేదీ వాడొద్దు. బోల్టులు 316 గ్రేడు స్టెయిన్‌లెస్ తీసుకోండి. బీచ్‌కు దగ్గరైతే 304 కూడా తుప్పు చుక్కలు పెడుతుంది.

లోహం పని

చిన్న గాలిమర హబ్బును లోహంలో ప్రింట్ చేయిస్తామని ఎవరైనా అంటే వద్దనే చెబుతాను. ఆటోనగర్‌లో పాత కారు వెనక చక్రం హబ్బు బేరింగులతో సహా దొరుకుతుంది. ఉక్కు ప్లేటును లేజర్‌తో గుండ్రంగా కోయించి దానికి బిగిస్తే అయిపోతుంది. వందల కిలోల బరువు మోసిన భాగం అది, మన రెక్కల బరువు దానికొక లెక్క కాదు.

లోహపు పొడిని లేజర్‌తో కరిగించే ప్రింటింగ్ దేనికంటే, లోపల వంకర దారులున్న చిన్న హైడ్రాలిక్ బ్లాకు లాంటి వాటికి. ప్రింట్ అయ్యాక కూడా వేడి చేసి ఒత్తిడి తీయాలి, వైర్‌కట్‌తో ప్లేటు నుంచి కోయాలి, బోల్టులు పట్టే మరలు (త్రెడ్లు) వేయించాలి. ధర చెప్పేటప్పుడు ఇవన్నీ కలిపి చెప్పారో లేదో అడగండి. గేర్లయితే పళ్లు కోసే హాబింగ్ యంత్రం మీదే కోయించండి.

మధ్యస్తపు సైజు పోతభాగం కావాలంటే ప్యాటర్న్ ప్రింట్ చేసి ఫౌండ్రీకి ఇవ్వడం చాలా కలిసివచ్చే పద్ధతి. చెక్క ప్యాటర్న్ చేసే పెద్ద మేస్త్రీలు తగ్గిపోతున్నారు, దొరికినా వాళ్ల చేతినిండా పని. పోతఇనుముకు దాదాపు 1 శాతం, అల్యూమినియంకు 1.3 శాతం, ఉక్కుకు 2 శాతం కుదింపు లెక్కేసి ప్యాటర్న్‌ను ఆ మేరకు పెద్దదిగా ప్రింట్ చేయాలి. ఇసుకలోంచి ఊడి రావడానికి ఒకటి రెండు డిగ్రీల వాలు, మెషినింగ్ పడే ముఖాల మీద 3 మిల్లీమీటర్లు అదనంగా ఉండాలి. ఈ అంకెలు ప్రింట్ చేసేవాళ్లకు తెలియకపోవచ్చు. ముందు ఫౌండ్రీవాళ్లతో మాట్లాడి, తర్వాత ప్రింటింగ్‌కు వెళ్లండి. కోర్ బాక్సు (పోతలో లోపలి ఖాళీ కోసం పెట్టే ఇసుక దిమ్మను, అంటే కోర్‌ను, చేసే పెట్టె) కూడా అలాగే ప్రింట్ చేసుకోవచ్చు. ఇసుక అచ్చునే ప్రింట్ చేయించడం అనేక కోర్‌లున్న క్లిష్టమైన భాగానికే గిట్టుబాటవుతుంది.

విశాఖ మీద నాకు ఎక్కువ ఆశ ఉన్నది మాత్రం వెల్డింగ్ తీగతో పొరలు పొరలుగా లోహాన్ని పోసే పద్ధతి మీద. రోబో చేతికి మిగ్ వెల్డింగ్ టార్చి కట్టి గంటకు కిలోల లెక్కన లోహం పోస్తారు. 2017లో నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్ రేవులో ఈ పద్ధతిలోనే 1,350 మిల్లీమీటర్ల వ్యాసం, 400 కిలోల బరువున్న ఓడ ప్రొపెల్లర్ చేసి, ఓడల నాణ్యత తనిఖీ చేసే బ్యూరో వెరిటాస్ సర్టిఫికెట్ కూడా తెచ్చుకున్నారు. షిప్‌యార్డు, బీహెచ్‌పీవీ, స్టీల్‌ప్లాంటు నీడలో పెరిగిన ఈ ఊళ్లో వెల్డింగ్ లోతుపాతులు తెలిసినవాళ్లకూ, వెల్డును ఎక్స్‌రే తీసి చూసేవాళ్లకూ లోటు లేదు. అరిగిన ఫ్లాంజీకి లోహం పోసి మళ్లీ మెషినింగ్ చేయడం దీనికి మంచి ఆరంభం. వర్క్‌షాపు ఉన్నవాళ్లు కొత్త యంత్రం గురించి ఆలోచిస్తుంటే, లోహపు పొడి ప్రింటర్ కంటే ముందు దీని వైపు చూడమంటాను.

టవర్ల సంగతి క్లుప్తంగా చెప్పాలంటే, జీఈ, డెన్మార్క్ సంస్థ కోబాడ్, లఫార్జ్‌హోల్సిమ్ కలిసి కాంక్రీటు టవర్ అడుగుభాగాన్ని ప్రింట్ చేసే పని 2020లో ప్రకటించాయి. అంతకుముందే 2019లో కోపెన్‌హేగెన్‌లో 10 మీటర్ల నమూనా నిలబెట్టారు. రోడ్డు మీద లారీలో పట్టే ఉక్కు గొట్టం వెడల్పు నాలుగున్నర మీటర్ల దగ్గర ఆగిపోతుంది కాబట్టి, సైటులోనే ప్రింట్ చేస్తే ఇంకా ఎత్తైన టవర్లు కట్టొచ్చని ఆలోచన. అది మన స్థాయిలో ఎంచుకునే విషయం కాదు. సముద్రపు గాలిమరల ఆర్డర్లు వస్తాయని యంత్రాలు కొనాలనుకునేవాళ్లు కూడా ఆగాలి. 2024 జూన్‌లో కేంద్రం 7,453 కోట్లతో ఆమోదించిన పథకం గుజరాత్, తమిళనాడు తీరాల్లో ఒక్కోచోట 500 మెగావాట్ల కోసం, మన తీరానికి కాదు.

ప్రింటర్ కొనాలా, బయట చేయించాలా

ఒక్క రెక్కల సెట్టు కోసమైతే కొనొద్దు. మెడ్‌టెక్ జోన్‌లో వైద్య పరికరాల కోసం పెట్టిన 3డీ ప్రింటింగ్ సదుపాయం ఉంది, కాలేజీ ల్యాబుల్లో ప్రింటర్లున్నాయి, ప్రైవేటు షాపులూ ఉన్నాయి. వారం వారం జిగ్గులో, ప్యాటర్న్‌లో అవసరమయ్యే వర్క్‌షాపైతే మాత్రం మూతున్న ప్రింటర్ ఒకటి, దానికో యూపీఎస్ కొనుక్కోవడం మంచిది. 18 గంటల ప్రింట్ మధ్యలో కరెంటు పోతే ఆ పొర దగ్గర గీత పడిపోతుంది.

బయట ఇచ్చేటప్పుడు ఫైలు ఒక్కటే పంపి ఊరుకోకండి. ఏ దిశలో నిలబెట్టాలో, గోడ మందం ఎంతో, ఏ ప్లాస్టిక్ అన్నది కాగితం మీద రాసివ్వండి. అవి రాయకపోతే షాపువాళ్లు తొందరగా అయ్యే దిశలోనే పెడతారు, వాళ్ల తప్పు కాదు. కంపెనీ వారంటీలో ఉన్న పెద్ద గాలిమరకు బ్రాకెట్ మార్చాలన్నా ముందు కంపెనీ నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి.

బిగించే ముందు

మూడు రెక్కలూ వచ్చాక ఒక్కోదాన్ని తూచండి. మొత్తం బరువు ఒక్కటే సరిపోదు, మొదలును ఒక దిమ్మ మీద ఆనించి కొసను కాటా మీద పెట్టి ఆ అంకె కూడా చూడండి. తేలికగా ఉన్న రెక్క కొస లోపల కొంచెం రెజిన్ పోసి మూడింటినీ సమం చేయాలి. లేకపోతే స్తంభం వణుకుతుంది, బోల్టులు వదులవుతాయి.

అచ్చులోంచి నాలుగో రెక్క కూడా తీయించి పెట్టుకోండి, దాన్ని పరీక్షకు వాడాలి. మొదలును బల్లకు గట్టిగా బిగించి, పొడవునా ఇసుక మూటలు ఒక్కొక్కటే పేర్చుకుంటూ పోండి. మీటరు రెక్కకు తుపాను తోపుడు 20 కిలోలనుకున్నాం కదా, కనీసం 40 కిలోల దాకా వెళ్లండి. ఒక్కో మూట పెట్టాక ఒక నిమిషం ఆగి, చెవి పెట్టి వినండి. చిట్లిన శబ్దం వినిపించినా, మొదలు దగ్గర ఫైబర్ తెల్లగా పాలిపోయినా లోపల పొరలు విడుతున్నట్టే. అప్పుడు మూటలు దించేసి, ఆ మూడు రెక్కలనూ పక్కన పెట్టి, అదే అచ్చులో మొదలు దగ్గర ఇంకో రెండు పొరల రోవింగ్ వేయించి కొత్త సెట్టు తీయించండి. అచ్చు మన దగ్గరే ఉంది కాబట్టి రెండో సెట్టుకు అయ్యేది ఫైబరు, రెజిను, కూలి ఖర్చే.